కార్బ్యురేటర్ ఇంజన్‌కు టర్బో: పీల్చే దారిలోనా, ఊదే దారిలోనా?

కార్బ్యురేటర్ పని మొత్తం ఒక చిన్న పీడన తేడా మీద నడుస్తుంది. వెంచురి అనే సన్నటి గొంతులోంచి గాలి వేగంగా దూసుకుపోతుంటే అక్కడ పీడనం కాస్త తగ్గుతుంది. ఫ్లోట్ చాంబర్ అనే చిన్న పెట్రోల్ తొట్టిలో పెట్రోల్ మీద ఉన్న పీడనం అంతకంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాయే జెట్ అనే సన్నటి రంధ్రం గుండా పెట్రోల్‌ను నెట్టి గాలిలో కలుపుతుంది. ఇందులో సెన్సర్ ఉండదు, కంప్యూటర్ ఉండదు. ఇంత సున్నితమైన ఏర్పాటు పక్కన ఎగ్జాస్ట్ ధాటికి నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతూ గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే టర్బోను బిగించాలంటే ముందు తేల్చుకోవాల్సింది టర్బో సైజు గురించి కాదు, కార్బ్యురేటర్ ఏ పీడనంలో ఉండాలన్న దాని గురించి. మిగతా లెక్కలన్నీ, అంటే జెట్ సైజు, పెట్రోల్ పంపు, ఆయిల్ సీలు, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, చివరికి ఏ టర్బో కొనాలన్నది కూడా దాని వెంటే వస్తాయి.

దారులు రెండే. మొదటిది డ్రా-త్రూ, అంటే పీల్చే పద్ధతి. గాలి ముందు కార్బ్యురేటర్‌లోకి వస్తుంది, అక్కడ పెట్రోల్ కలుస్తుంది, ఆ తడి మిశ్రమాన్ని టర్బో కంప్రెసర్ పీల్చి, నొక్కి, ఇంజన్‌లోకి పంపుతుంది. ఇందులో కార్బ్యురేటర్ ఎప్పుడూ బయటి వాతావరణ పీడనంలోనే ఉంటుంది. రెండోది బ్లో-త్రూ, అంటే ఊదే పద్ధతి. టర్బో ముందు పొడి గాలిని నొక్కుతుంది, ఆ బూస్ట్ గాలి, అంటే బయటి గాలి కంటే ఎక్కువ పీడనం ఉన్న గాలి, కార్బ్యురేటర్ గుండా ఇంజన్‌లోకి వెళ్తుంది. ఇందులో బూస్ట్ వచ్చిన ప్రతిసారీ కార్బ్యురేటర్ మొత్తం ఆ పీడనంలో మునిగి ఉంటుంది.

ఈ రెండిట్లో ఏది పాతదో చెప్పడం అంత తేలిక కాదు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ తన టర్బోను లిబర్టీ విమాన ఇంజన్‌కు బిగించి, అమెరికాలోని పైక్స్ పీక్ పర్వత శిఖరం మీద, దాదాపు 4,300 మీటర్ల ఎత్తున పరీక్షించాడు. టర్బో లేకుండా 230 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్, టర్బోతో 356 ఇచ్చింది. అక్కడ టర్బో ఊదిన గాలి కార్బ్యురేటర్లలోకి వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-47 యుద్ధవిమానంలో రెండు పద్ధతులూ ఒకే ఇంజన్‌లో కనిపిస్తాయి. టర్బో నొక్కిన గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి కార్బ్యురేటర్‌లోకి వెళ్లేది, అక్కడినుంచి తడి మిశ్రమాన్ని ఇంజన్ పళ్లచక్రాలతో నడిచే సూపర్‌చార్జర్ అనే రెండో కంప్రెసర్ పీల్చేది. టర్బో వైపు నుంచి చూస్తే అది ఊదే పద్ధతి, సూపర్‌చార్జర్ వైపు నుంచి చూస్తే పీల్చే పద్ధతి.

కార్లలోకి మాత్రం మొదట వచ్చింది పీల్చే పద్ధతే. 1962లో జనరల్ మోటార్స్ రెండు కార్లు తెచ్చింది: ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వెయిర్ మోంజా స్పైడర్. రెండింట్లోనూ కార్బ్యురేటర్ టర్బోకు ముందే ఉండేది. కోర్వెయిర్‌కు బూస్ట్ హద్దు మీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ కూడా లేదు. కార్బ్యురేటర్ గొంతు ఇరుకు, ఎగ్జాస్ట్ దారిలోని అడ్డు కలిసి బూస్ట్‌ను హద్దులో ఉంచేవి. అంటే కార్బ్యురేటర్‌కే బూస్ట్ కాపలా ఉద్యోగం కూడా అప్పగించారు. పీల్చే పద్ధతిలో మాత్రమే కుదిరే తెలివైన ఏర్పాటు అది.

పీల్చే పద్ధతిలో సుఖం ఎక్కడుంది, కష్టం ఎక్కడుంది

మొదట సుఖం. కార్బ్యురేటర్‌కు టర్బో ఉన్న సంగతే తెలియదు. దానికి తెలిసిందల్లా ఎక్కువ గాలి లాగే ఒక పెద్ద ఇంజన్ తన కింద ఉందని. ఫ్లోట్ చాంబర్ మీద మామూలు గాలి పీడనం, పెట్రోల్ పంపు మామూలుదే, గొట్టాలు మామూలువే. లోపలికి వచ్చే గాలి సాంద్రత మారదు కాబట్టి జెట్ లెక్క తప్పదు. రెండు, మూడు, నాలుగు కార్బ్యురేటర్లను ఒకదానితో ఒకటి సరిచూసుకునే తలనొప్పి ఉండదు, ఒక్క కార్బ్యురేటర్ అన్ని సిలిండర్లకూ సరిపోతుంది. యాక్సిలరేటర్‌తో కదిలే థ్రాటిల్ పలక మూసినప్పుడు కంప్రెసర్‌కు గాలే తగ్గిపోతుంది కాబట్టి, నొక్కిన గాలి వెనక్కి తన్ని కంప్రెసర్ చక్రాన్ని కుదిపే సర్జ్ సమస్య దాదాపు రాదు. బ్లో-ఆఫ్ వాల్వ్ అవసరం లేదు. నిజానికి పెట్టకూడదు కూడా, ఎందుకంటే అది బయటికి వదిలేది గాలిని కాదు, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఆ ఒక్క కార్బ్యురేటర్ బూస్ట్‌తో పెరిగిన గాలినంతా మోయాలి. 2 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర, సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి సుమారు 5.1 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. బూస్ట్‌తో నాలుగో వంతు గాలి అదనంగా వస్తే, పీల్చే పద్ధతిలో కార్బ్యురేటర్ గుండా 6.4 ఘనపు మీటర్లు పోవాలి. పాత కార్బ్యురేటర్‌నే ఉంచితే కంప్రెసర్ ముందు గాలికి కటకట మొదలవుతుంది. అక్కడ పీడనం 0.9 బార్‌కు పడిపోయిందనుకుందాం (బయటి గాలి పీడనం సుమారు 1 బార్). బయటికి 1.5 బార్ ఇవ్వాలంటే కంప్రెసర్ 1.5 రెట్లు కాదు, 1.67 రెట్లు నొక్కాలి. ఆ అదనపు శ్రమంతా వేడిగా మారి ఇంజన్‌లోకే పోతుంది.

ఇక కష్టాలు. వీటిలో మొదటిది ఆయిల్ సీలు. చాలామంది దీన్ని ఆఖర్న, పొగ చూశాక తెలుసుకుంటారు. ఈ పద్ధతిలో థ్రాటిల్ పలక టర్బోకు ముందు ఉంటుంది. ఐడిల్‌లో థ్రాటిల్ మూసుకోగానే ఇంజన్ లాగే వాక్యూమ్ అంతా కంప్రెసర్ గదిలోకి వస్తుంది. కంప్రెసర్ చక్రం వెనకే టర్బో బేరింగ్ ఉంది, దానికి ఇంజన్ ఆయిల్ పీడనంతో వస్తోంది. మామూలు టర్బోల్లో ఆ మధ్య ఉండేది పిస్టన్ రింగు లాంటి సన్నటి రింగు. కంప్రెసర్ వైపు పీడనం ఉన్నంతసేపే అది ఆయిల్‌ను ఆపగలదు, వాక్యూమ్ ఉంటే ఆపలేదు. ఆయిల్ చుక్కచుక్కగా చక్రం వెనకనుంచి కారి మిశ్రమంలో కలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఒక నిమిషం ఆగి బయల్దేరగానే వెనక నీలిపొగ మేఘం లేస్తుంది. మెకానిక్ వాల్వ్ సీల్స్ మార్చినా, పిస్టన్ రింగులు మార్చినా పొగ తగ్గదు, తప్పు అక్కడ లేదు కాబట్టి. దీనికి కార్బన్ ముఖం ఉన్న సీలు వేసిన టర్బో కావాలి. ఇప్పుడు వాడకంలో దొరికే టర్బోల్లో అత్యధిక భాగం డీజిల్ ఇంజన్ల కోసం, ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజన్ల కోసం చేసినవి, వాటికి ఈ కార్బన్ సీలు ఉండదు. ఏ బండి నుంచో తీసిన టర్బో చేతిలో పెట్టుకుని పద్ధతి ఎంచుకుంటున్నవాళ్లకు సగం నిర్ణయం ఇక్కడే అయిపోయినట్టు.

రెండోది తడి దారి. కార్బ్యురేటర్ నుంచి సిలిండర్ దాకా పెట్రోల్ చుక్కలు కంప్రెసర్ గుండా, గొట్టాల గుండా, వంపుల గుండా ప్రయాణించాలి. ఇంజన్ వేడిగా ఉండి చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు ఇది మంచికే, పెట్రోల్ బాగా చిలికినట్టు కలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ గోడలకు అంటుకుంటుంది, పల్లంలో మడుగు కడుతుంది. కంప్రెసర్ నుంచి గొట్టం పైకి ఎక్కాల్సి వస్తే ఆ మడుగు నత్తగుల్ల ఆకారంలో ఉన్న కంప్రెసర్ గదిలోనే చేరుతుంది. ఉదయం స్టార్ట్ కాదు, అయినా కుంటుతుంది, ఉన్నట్టుండి మడుగు ఎగిరి లోపలికి పోయి ఇంజన్ తడిసిపోతుంది. కార్బ్యురేటర్ పైన, కంప్రెసర్ దాని కింద, అక్కడినుంచి పొట్టి దారి, మధ్యలో ఎక్కడా పల్లం లేకుండా కుదిరితేనే ఈ పద్ధతి సవ్యంగా నడుస్తుంది. గొట్టాలు కలిపే రబ్బరు విషయం కూడా ఉంది. టర్బో పనులకు అందరూ వాడే మామూలు సిలికాన్ గొట్టం పెట్రోల్‌కు తట్టుకోదు, ఉబ్బి మెత్తబడుతుంది. తడి దారిలో లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నదే వేయాలి.

మూడోది పవర్ వాల్వ్. లోడ్ పడ్డప్పుడు అదనపు పెట్రోల్ ఇవ్వడానికి కొన్ని కార్బ్యురేటర్లలో వాక్యూమ్‌తో పనిచేసే ఈ వాల్వ్ ఉంటుంది. వాక్యూమ్ ఉంటే ఇంజన్ తీరిగ్గా ఉందని, పోతే కష్టపడుతోందని దాని లెక్క. పీల్చే పద్ధతిలో కార్బ్యురేటర్ కింద, కంప్రెసర్ లాగుడు వల్ల, ఇంజన్‌కు బూస్ట్ వెళ్తున్నప్పుడు కూడా కొంత వాక్యూమ్ మిగిలి ఉండొచ్చు. వాల్వ్ దాన్ని నమ్మి మూసుకునే ఉంటుంది. అదనపు పెట్రోల్ ఎప్పుడు తప్పనిసరో అప్పుడే అందదు. ఆ వాల్వ్‌కు వాక్యూమ్ సంకేతాన్ని కార్బ్యురేటర్ కిందనుంచి కాకుండా సిలిండర్లకు మిశ్రమం పంచే ఇంజన్ మానిఫోల్డ్ నుంచి ప్రత్యేక గొట్టంతో తెచ్చి ఇవ్వాలి. చిన్న పనే, కానీ చేయకపోతే పిస్టన్ పోతుంది.

వేడి లెక్క, ఇంటర్‌కూలర్ ముడి

పీల్చే పద్ధతి అభిమానులు చెప్పే గట్టి వాదన ఒకటుంది: పెట్రోల్ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కాబట్టి ఇంటర్‌కూలర్ అక్కర్లేదని. ఇందులో నిజం ఉంది, ఎంత ఉందో లెక్కతో చూడాలి. కిలో పెట్రోల్ ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. 12.5 కిలోల గాలికి ఒక కిలో పెట్రోల్ చొప్పున కలిపితే, అంతా ఆవిరైతే, గాలి సుమారు 27 డిగ్రీలు చల్లబడుతుంది. కంప్రెసర్ వేడి సంగతి చూస్తే, 30 డిగ్రీల గాలిని 0.5 బార్ బూస్ట్‌కు, అంటే బయటి పీడనం కంటే 0.5 బార్ ఎక్కువకు, 65 శాతం సామర్థ్యంతో నొక్కితే అది 87 డిగ్రీలకు చేరుతుంది. 0.7 బార్‌కు అయితే 106 డిగ్రీలు. అంటే తక్కువ బూస్ట్‌లో పెట్రోల్ చలవ ఆ పెరుగుదలలో దాదాపు సగాన్ని మింగేయగలదు. బూస్ట్ పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది, పెట్రోల్ చలవ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఇంకో సంగతి ఈ వాదనలో తరచూ జారిపోతుంది. ఊదే పద్ధతిలో కూడా అదే పెట్రోల్ అంతే వేడిని తీసుకుని ఆవిరవుతుంది, కాకపోతే కంప్రెసర్ తర్వాత. చలవ పోలేదు, చోటు మారింది. నొక్కే ముందు చల్లబరిస్తే నొక్కడానికి శ్రమ కొంత తగ్గుతుంది, ఆ మేరకు పీల్చే పద్ధతికి లాభం ఉన్న మాట నిజమే. కానీ ఊదే పద్ధతిలో కంప్రెసర్‌కు, కార్బ్యురేటర్‌కు మధ్య ఉన్నది పొడి గాలి. అక్కడ ఇంటర్‌కూలర్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 70 శాతం సమర్థత ఉన్న ఇంటర్‌కూలర్ 87 డిగ్రీల గాలిని 47కు దింపుతుంది. దాని మీద పెట్రోల్ చలవ అదనం.

ఫలితం ఎంతో చూద్దాం. 0.5 బార్ బూస్ట్ అంటే 50 శాతం ఎక్కువ గాలి అని చాలామంది అనుకుంటారు. 87 డిగ్రీల దగ్గర నిజంగా దొరికేది 26 శాతమే. ఇంటర్‌కూలర్‌తో, అందులో కాస్త పీడనం పోయినా, 38 శాతం దాకా వస్తుంది. అంతకంటే విలువైనది నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడం, తగ్గడం. పవర్ పెరగడం తర్వాతి మాట, పిస్టన్ బతకడం మొదటి మాట.

పీల్చే పద్ధతిలో ఇంటర్‌కూలర్ ఎందుకు పెట్టకూడదు? చల్లటి గొట్టాల్లో పెట్రోల్ ఆవిరి మళ్లీ ద్రవంగా మారి మడుగు కడుతుంది. అంతకు మించి, ఇంటర్‌కూలర్ నిండా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న మిశ్రమం ఉంటుంది. ఇంజన్ ఒక్కసారి బ్యాక్‌ఫైర్ ఇస్తే, అంటే మంట వెనక్కి తన్నితే, ఆ పెట్టె మొత్తం బాంబు. సాధ్యమే కాదా అంటే సాధ్యమైంది. 1942లో స్పిట్‌ఫైర్ మార్క్ 9లో వచ్చిన రోల్స్-రాయిస్ మెర్లిన్ 61 ఇంజన్‌లో కార్బ్యురేటర్ సూపర్‌చార్జర్‌కు ముందు ఉండేది, నొక్కిన తడి మిశ్రమమే కూలర్ గుండా సాగేది. మెర్లిన్‌లో మంట వెనక్కి రాకుండా ఆపే జాలీలు కూడా ఉండేవి. దాని వెనక ఒక దేశపు విమాన పరిశ్రమ, నిత్యం చూసుకునే మెకానిక్‌ల బృందం ఉన్నాయి. ఇంటి షెడ్డులో కట్టుకునే ఇంజన్‌కు ఆ ఉదాహరణను ఆధారంగా తీసుకోకూడదు.

ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఈ ముడిని వేరే దారిలో విప్పబోయింది. దాని 3.5 లీటర్ల వీ8 ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క, 10.25. టర్బో ఇంజన్‌కు అది చాలా ఎక్కువ. నాకింగ్ ఆపడానికి నీరు, మిథనాల్, తుప్పు పట్టకుండా ఒక మందు కలిపిన ద్రవాన్ని బూస్ట్ సమయంలో చిలకరించేవారు. దానికి పెట్టిన పేరు టర్బో-రాకెట్ ఫ్లూయిడ్. ఆలోచన గట్టిదే, మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు తీసుకునే వేడి పెట్రోల్‌కు దాదాపు మూడు రెట్లు. సమస్య ఆ ట్యాంకు నింపే మనిషి దగ్గర వచ్చింది. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గించే ఏర్పాటు ఉన్నా, నింపడం మర్చిపోయి బండి మందగించిందని ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. రెండేళ్లకే ఆ కారు ఆగిపోయింది.

ఊదే పద్ధతి: ఒక్క పొరపాటు, ఆరు సెకన్లు

ఊదే పద్ధతిలో లాభాలు వరసగా ఉంటాయి. పొడి కంప్రెసర్, మామూలు సీలున్న టర్బో, ఇంటర్‌కూలర్, ఇంజన్‌కు దగ్గరగా థ్రాటిల్ కాబట్టి కాలు వేయగానే స్పందన, చల్లటి ఉదయం కూడా మామూలు బండిలా స్టార్ట్. అసలు కార్బ్యురేటర్, అసలు మానిఫోల్డ్ తమ చోటు నుంచి కదలక్కర్లేదు. అందుకే 1980ల నాటికి కంపెనీలు చాలావరకు ఇటే తిరిగాయి. 1980 లోటస్ ఎస్ప్రి టర్బోలో రెండు డెల్లోర్టో కార్బ్యురేటర్లు, 1981 మసెరాటి బైటర్బోలో ఒక వెబర్, 1982 ఎంజీ మెట్రో టర్బోలో ఒక ఎస్‌యూ, 1985 రెనో 5 జీటీ టర్బోలో ఒక సోలెక్స్. యమహా 1982 ఎక్స్‌జే650 టర్బో బైకులో నాలుగు మికుని కార్బ్యురేటర్లకు బూస్ట్ గాలి ఊదేది.

అయితే ఈ పద్ధతిలో తప్పు చేస్తే శిక్ష వెంటనే పడుతుంది. ముందు ఫ్లోట్ చాంబర్ చూడాలి. బూస్ట్ గాలి వెంచురిలోకి వస్తే అక్కడ పీడనం పెరుగుతుంది. చాంబర్‌లో మాత్రం బయటి పీడనమే ఉంటే, పెట్రోల్ జెట్ గుండా వెళ్లడం మాని వెనక్కి నెట్టబడుతుంది. కాబట్టి చాంబర్ గాలి రంధ్రం కూడా అదే బూస్ట్‌కు కలవాలి. అది కలిపాక ఇంకో చిక్కు. చాంబర్ లోపల ఇప్పుడు 0.5 బార్ ఉంది. మామూలు కార్బ్యురేటర్ పంపు ఇచ్చేది 0.2 నుంచి 0.3 బార్. చాంబర్‌లోకి పెట్రోల్ వదిలే నీడిల్ వాల్వ్ తెరుచుకునే ఉంటుంది, పెట్రోల్ మాత్రం లోపలికి రాదు.

అప్పుడేమవుతుందో దగ్గరగా చూద్దాం. పైన చెప్పిన 2 లీటర్ల ఇంజన్ నిండు బూస్ట్‌లో నిమిషానికి సుమారు 7.4 కిలోల గాలి, దానికి 0.6 కిలో పెట్రోల్, అంటే 0.8 లీటరు తాగుతుంది. సెకనుకు 13 మిల్లీలీటర్లు. ఫ్లోట్ చాంబర్‌లో 80 మిల్లీలీటర్లు ఉందనుకుంటే ఆరు సెకన్లలో ఖాళీ. పొట్టి పరుగుల్లో అంతా బాగానే ఉంటుంది, రెండో గేరు, మూడో గేరు, బండి దూసుకుపోతుంది, నడిపేవాళ్లకు ఆనందం. పొడుగాటి ఎత్తు రోడ్డు మీద నాలుగో గేరులో కాలు తీయకుండా పోతే నాలుగైదు సెకన్లకు మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పలచబడడం మొదలవుతుంది. అప్పుడు ఇంజన్ మందగించదు. క్షణకాలం ఇంకా చురుగ్గా ఉన్నట్టు అనిపించవచ్చు, మిశ్రమం మరీ చిక్కగా ఉంటే పలచబడే దారిలో మంచి చోటును దాటుకుంటూ పోతుంది కాబట్టి. తర్వాత నాకింగ్, ఆ శబ్దం గాలి హోరులో వినపడదు. ఆ తర్వాత పిస్టన్ అంచు కరిగిపోవడం.

కాబట్టి పెట్రోల్ పీడనం బూస్ట్‌తో సమానంగా పెరగాలి. బూస్ట్ ఎంతున్నా దానికంటే 0.2 నుంచి 0.3 బార్ ఎక్కువ ఉండాలి. బూస్ట్ గొట్టం కలిపిన, ఒకటికి ఒకటి చొప్పున పెంచే రెగ్యులేటర్, దానికి తగ్గ పంపు ఇందుకు కావాలి. పాతకాలపు డయాఫ్రమ్ పంపు అయితే డయాఫ్రమ్ పొడి వైపును గాలి చొరబడకుండా మూసి బూస్ట్ గొట్టం కలిపి కూడా చేయొచ్చు. డబ్బు ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయకూడదు.

రెండో విషయం మరీ సూక్ష్మం, అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని ఊహతో సరిపెట్టుకుంటారు. ఊదే పద్ధతిలో కార్బ్యురేటర్ గుండా పోయే గాలి ఘనపరిమాణం దాదాపు మునుపటిదే, ఆ 5.1 ఘనపు మీటర్లే. అందుకే కార్బ్యురేటర్ పెద్దది అక్కర్లేదు. కానీ ఆ గాలి చిక్కబడింది. వెంచురిలో పీడన తేడా గాలి సాంద్రతకు అనుపాతంలో పెరుగుతుంది, జెట్ గుండా పోయే పెట్రోల్ మాత్రం ఆ తేడా వర్గమూలానికి అనుపాతంలోనే పెరుగుతుంది. గాలి 26 శాతం పెరిగితే పెట్రోల్ 12 శాతమే పెరుగుతుంది. 12.5కు ఒకటిగా సరిచేసిన మిశ్రమం బూస్ట్‌లో 14కు పలచబడుతుంది. ఇంటర్‌కూలర్ పెట్టి సాంద్రతను 38 శాతం పెంచితే 14.7 దాకా పోతుంది. ఇంజన్‌ను కాపాడడానికి పెట్టిన ఇంటర్‌కూలరే, జెట్ మార్చకపోతే, మిశ్రమాన్ని ఇంకా పలచన చేస్తుంది. కొండల మీద కార్బ్యురేటర్ బండి పెట్రోల్ ఎక్కువ తాగి నల్లపొగ వదలడం చాలామంది చూసే ఉంటారు. ఇది సరిగ్గా దానికి తిరగేసిన లెక్క.

14 నుంచి 12.5కు తిరిగి తేవాలంటే జెట్ రంధ్రం వైశాల్యం 12 శాతం పెరగాలి. 1.40 మిల్లీమీటర్ల జెట్ 1.48 అవుతుంది. కంటికి కనిపించని తేడా. అయితే మెయిన్ జెట్ ఒక్కటే పెంచి ఊరుకుంటే బూస్ట్ లేని మామూలు నడకలో పెట్రోల్ వృథా, స్పార్క్ ప్లగ్గుల మీద మసి. అందుకే బూస్ట్ వచ్చినప్పుడే తెరుచుకునే అదనపు దారి కావాలి, పవర్ వాల్వ్ గానీ బూస్ట్‌తో నడిచే ప్రత్యేక జెట్ గానీ. ఇది ముందుగానే ఉన్న కార్బ్యురేటర్‌ను ఎంచుకుంటే సగం పని తప్పుతుంది.

ఇక కార్బ్యురేటర్ ఒళ్లు. ఇత్తడి రేకుతో చేసిన బోలు ఫ్లోట్ పీడనానికి నొక్కుకుపోవచ్చు, గట్టి నురుగుతో చేసిన ఫ్లోట్ వేయాలి. థ్రాటిల్ కడ్డీ రంధ్రాల దగ్గర మామూలుగా కాస్త గాలి లోపలికి లీకవుతుంది, అది ఎవరికీ పట్టదు. బూస్ట్‌లో అదే చోటునుంచి పెట్రోల్ కలిసిన గాలి బయటికి చిమ్ముతుంది, పక్కనే ఎర్రగా కాలుతున్న టర్బైన్ (ఎగ్జాస్ట్ తిప్పే టర్బో భాగం) ఉంటుంది. ఇది అగ్నిప్రమాదపు దారి, సీలున్న కడ్డీలు తప్పనిసరి.

ఈ బాధలు తప్పించుకోవడానికి కార్బ్యురేటర్ మొత్తాన్ని ఒక మూసిన పెట్టెలో పెట్టే మార్గం ఉంది. మసెరాటి బైటర్బో అదే చేసింది. లోపలా బయటా ఒకే పీడనం కాబట్టి ఫ్లోట్ నలగదు, కడ్డీ లీకవదు, చాంబర్ రంధ్రం దానంతటదే సరిపోతుంది. బదులుగా యాక్సిలరేటర్ కేబుల్, పెట్రోల్ గొట్టం పెట్టె గోడ గుండా లీకు లేకుండా రావాలి, జెట్ మార్చాలంటే పెట్టె విప్పాలి, లోపల పెట్రోల్ కారితే కనపడదు. రెండో మార్గం కార్బ్యురేటర్ నెత్తిన టోపీలా ఒక మూత బిగించి దానిలోకి గాలి ఊదడం. చవక, చేయి పెట్టడం తేలిక. కానీ ఒక పక్కనుంచి విసురుగా వచ్చే గాలి సుడి తిరిగి, చాంబర్ రంధ్రాల మీద, ఎయిర్ బ్లీడ్‌లనే సన్నటి గాలి రంధ్రాల మీద ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పీడనం పెడుతుంది. బెంచి మీద సరిగ్గా ఉన్న మిశ్రమం రోడ్డు మీద కారణం లేకుండా తడబడుతుంది. టోపీ ఎత్తుగా ఉండి గాలి నెమ్మదించే చోటు ఉంటేనే నమ్మదగ్గది.

థ్రాటిల్ మూసినప్పుడు సర్జ్ రాకుండా బ్లో-ఆఫ్ వాల్వ్ ఇక్కడ కావాలి. పొడి గాలే కాబట్టి వదిలినా నష్టం లేదు.

మరి ఏది?

బూస్ట్ 0.4 బార్‌కు మించదు, ఇంజన్ కంప్రెషన్ తక్కువ, చోటు ఇరుకు, కార్బన్ సీలున్న టర్బో చేతిలో ఉంది, బండి వారాంతపు తిరుగుడుకే అనుకుంటే పీల్చే పద్ధతి మంచి ఎంపిక. కాలం నాటి బండిని కాలానికి తగ్గట్టు ఉంచాలనుకునేవాళ్లకూ అంతే. దాని తప్పులు ఎక్కువగా పొగ రూపంలో, మొరాయింపు రూపంలో బయటపడతాయి, ఇంజన్‌ను ఒక్క పరుగులో చంపవు. పవర్ వాల్వ్ విషయం మాత్రం మినహాయింపు.

రోజూ నడిపే బండి, 0.5 బార్ దాటిన బూస్ట్, వేసవి వేడి, ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) మీద నమ్మకం లేని పెట్రోల్ అయితే ఊదే పద్ధతే సరైనది, కారణం ఇంటర్‌కూలర్ ఒక్కటే చాలు. ఈ పద్ధతి కష్టమని భయపెట్టేవాళ్లు చెప్పే కష్టాలు నిజమే, కానీ అవన్నీ కొలవగలిగినవి, సరిచేయగలిగినవి. పీల్చే పద్ధతి హద్దు అలాంటిది కాదు. ఎంత ట్యూనింగ్ చేసినా తడి గాలికి నిశ్చింతగా ఇంటర్‌కూలర్ తగిలించలేం.

సులువన్న ఒక్క కారణంతో పీల్చే పద్ధతిని ఎంచుకోవడం మాత్రం సరికాదు. పంపు దగ్గర తప్పిన పని సీలు దగ్గర, తడి గొట్టాల దగ్గర, పెద్ద కార్బ్యురేటర్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది. ఇక ఏ పద్ధతిలోనైనా కంప్రెషన్ నిష్పత్తి 8 ప్రాంతంలో ఉండడం, బూస్ట్‌లో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి జరగడం రెండూ తప్పవు. 1978లో బ్యూక్ తన పీల్చే పద్ధతి వీ6 టర్బోకు నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ పెట్టి టైమింగ్‌ను దానంతటదే వెనక్కి జరిగేలా చేసింది. కార్బ్యురేటర్ టర్బోలకు వచ్చిన ఉపకరణాల్లో అత్యంత ఉపయోగపడింది అదే అనొచ్చు.

ఊదే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు ఆగిన తర్వాతి వేడి ఒక పరీక్ష. ఇంజన్ ఆపగానే టర్బో వేడి పైకెక్కి కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ను మరిగిస్తుంది, పావుగంట తర్వాత స్టార్ట్ కాదు. రెనో 5 జీటీ టర్బోకు ఈ చిక్కు బాగా పేరుమోసింది, కంపెనీయే కార్బ్యురేటర్‌ను చల్లబరిచే చిన్న ఫ్యాన్ పెట్టింది. టర్బైన్‌కు, కార్బ్యురేటర్‌కు మధ్య ఒక రేకు అడ్డు, కార్బ్యురేటర్ కింద వేడి పాకని మందపాటి గ్యాస్కెట్ మొదటి రోజే వేసుకోవాలి.

మొదటిసారి రోడ్డెక్కేటప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద రెండు గేజ్‌లు పక్కపక్కన కనపడాలి, ఒకటి బూస్ట్, ఒకటి పెట్రోల్ పీడనం. పెట్రోల్‌ను క్యాబిన్‌లోకి గొట్టంతో తేకుండా ఎలక్ట్రిక్ సెండర్ ఉన్న గేజ్ వాడాలి. మూడో గేరులో మెల్లగా బూస్ట్ పెంచుతూ రెండు అంకెల తేడా చూడాలి. సున్నా బూస్ట్ దగ్గర 0.25 ఉంటే, 0.3 బూస్ట్ దగ్గర 0.55, 0.5 దగ్గర 0.75. పక్కన కూర్చున్నవాళ్లు పైకి చదవాలి, నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ఆ 0.25 తేడా పదిహేను సెకన్ల పాటు నిలబడితే అప్పుడు నాలుగో గేరు.